మొటిమల మాత్రలు ఆపిన ఎన్నాళ్లకు గర్భం దాల్చవచ్చు?

ప్రశ్న: నా వయసు 26. పెళ్లయి ఏడాదవుతోంది. గడ్డల్లాంటి మొటిమలకు ఐదు నెలలు ఐసోట్రెటినాయిన్ 20 మి.గ్రా. మాత్రలు వాడి, పది రోజుల క్రితం ఆపేశాను. పిల్లల కోసం కనీసం ఏడాది ఆగాలని కొందరు, ఆగనక్కర్లేదని కొందరు అంటున్నారు. మా వారూ ఇవే మాత్రలు వాడుతున్నారు. ఏం చేయాలి?
– ఒక సోదరి, గుంటూరు

జవాబు: మీరు ఏడాది ఆగనవసరం లేదు. చివరి మాత్ర వేసుకున్న రోజు నుంచి ఒక నెల నిండితే చాలు. అయితే మీకు మిగిలిన ఆ ఇరవై రోజుల్లో మాత్రం గర్భనిరోధక పద్ధతి తప్పకుండా పాటించాలి. ఐసోట్రెటినాయిన్ విటమిన్ ఎ కోవకు చెందిన మందు. ఒంట్లో ఎక్కువ కాలం నిలవదు కాబట్టి నెల గడువు సరిపోతుంది. సోరియాసిస్‌కు వాడే అసిట్రెటిన్ అనే మరో మందుకు మూడేళ్ల గడువు ఉంది. ఏళ్ల తరబడి ఆగాలన్న మాట బహుశా అక్కడి నుంచే వచ్చి ఉంటుంది.

ఈ విషయంలో ఇంత పట్టుదల ఎందుకంటే, శిశువు గుండె, మెదడు, ముఖం, చెవులు రూపుదిద్దుకునేది తొలి వారాల్లోనే. ఆ సమయంలో ఈ మందు ఒంట్లో ఉంటే, తాను గర్భవతినని స్త్రీ గుర్తించేలోపే జరగరాని నష్టం జరిగిపోవచ్చు. గర్భస్రావం కావచ్చు, పుట్టిన బిడ్డకు బుద్ధిమాంద్యం రావచ్చు. తక్కువ మోతాదైనా, కొద్ది రోజులే వాడినా ప్రమాదం లేదని చెప్పలేం. అమెరికాలో 1982లో అనుమతి పొందిన ఈ మందును 2006 నుంచి ‘ఐప్లెడ్జ్’ పథకంలో పేరు నమోదు చేసుకున్నవారికే ఇస్తున్నారు. గర్భం దాల్చే వీలున్న స్త్రీలకు నెలనెలా గర్భ పరీక్ష చేయించాలన్న నిబంధనా పెట్టారు. మన దగ్గర అంతటి కట్టుదిట్టమైన ఏర్పాటు లేనందున ఆ బాధ్యతంతా మందు రాసే వైద్యుడిదే. పెళ్లికాని అమ్మాయిని తల్లి ఎదుట ఈ సంగతులు అడగడానికి మొహమాటపడితే, ఆ మొహమాటం ఖరీదు ఆ అమ్మాయే చెల్లించాల్సి వస్తుంది.

ఈలోగా నెలసరి తప్పితే ఆలస్యం చేయకుండా మూత్ర పరీక్ష చేసుకుని, ఫలితం పాజిటివ్ అయితే వెంటనే ప్రసూతి వైద్య నిపుణురాలిని కలిసి, మాత్ర ఏ తేదీన ఆపారో స్పష్టంగా చెప్పండి. అలాంటి ప్రతి గర్భంలోనూ లోపం ఉంటుందని కాదు కాబట్టి భయంతో సొంత నిర్ణయాలు తీసుకోవద్దు. 18–20 వారాల స్కానింగులో అవయవ లోపాలు చాలావరకు తెలుస్తాయి. బుద్ధి వికాసానికి సంబంధించిన లోపాలు మాత్రం స్కానింగుకు అందవు. ఫోలిక్ యాసిడ్ ఇప్పటి నుంచే మొదలుపెట్టడం మంచిదే, కానీ ఈ మందు చేసే హానికి అది విరుగుడు కాదు. విటమిన్ ఎ మాత్రలు సొంతంగా వేసుకోవద్దు.

మీ వారి గురించి దిగులు అక్కర్లేదు. వీర్యంలోకి చేరే మందు అతి స్వల్పం, దానివల్ల బిడ్డకు హాని ఉంటుందని తేలలేదు. అయితే మందు వాడుతున్నంత కాలం, ఆపాక మరో నెల వరకు ఆయన రక్తదానం చేయకూడదు. ఆ రక్తం గర్భవతికి ఎక్కించే అవకాశం ఉంటుంది.

మొటిమలు మళ్లీ వస్తే ఆయన మాత్రలు మీరు తీసుకోవద్దు. అడాపలీన్, ట్రెటినాయిన్ క్రీములు, డాక్సీసైక్లిన్ మాత్రలు కూడా గర్భం కోసం ప్రయత్నిస్తున్నప్పుడు మానుకోవాలి. అజెలాయిక్ యాసిడ్ క్రీము, క్లిండమైసిన్ జెల్ వంటివి డాక్టరు సలహాపై వాడవచ్చు. మిగిలిన మాత్రలుంటే చెల్లెలికో స్నేహితురాలికో ఇవ్వకుండా మందుల దుకాణంలో తిరిగి ఇచ్చేయండి.