ఒక్కో అడుగు వేయిస్తే కంప్యూటరే రీబూట్ అవుతోంది!

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుగా నేనూ నా మిత్రుడూ 32 బిట్ ఎక్స్86 (ఇంటెల్ తరహా) ప్రాసెసర్ మీద చిన్న కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) రాస్తున్నాం. యూజర్ ప్రోగ్రామును ఒక్కో ఇన్‌స్ట్రక్షన్ చొప్పున నడిపించే సింగిల్ స్టెప్ కూడా పెట్టాం. సిస్టమ్ కాల్‌కు (ప్రోగ్రాము కెర్నల్‌ను పని అడగడానికి) ‘ఇంట్ 80’ ఇన్‌స్ట్రక్షన్ వాడినప్పుడు బాగానే నడిచింది, కాకపోతే కాల్ దాటగానే ఒక ఇన్‌స్ట్రక్షన్ దగ్గర ఆగకుండా తర్వాతి దాని దగ్గర ఆగేది. జాతర సెలవుల్లో అదే పని వేగంగా చేసే ‘సిస్‌ఎంటర్’కు మారాం. ఇప్పుడు దాని మీద స్టెప్ వేస్తే చాలు, క్యూఎము (మా కెర్నల్‌ను నడిపే నకిలీ కంప్యూటర్) మొత్తం రీబూట్ అవుతోంది. ‘సిస్‌ఎంటర్’ స్టాక్ చిరునామా తీసుకునే, హెక్సాలో 175 నంబరు ఎంఎస్ఆర్‌లో (ప్రాసెసర్ సెట్టింగ్ రిజిస్టర్) టీఎస్ఎస్ (కెర్నల్ స్టాక్ ఎక్కడుందో రాసి ఉండే పట్టిక) చిరునామా పెట్టాం. మా ఎంట్రీ కోడు మొదటి ఇన్‌స్ట్రక్షన్‌తోనే అక్కడి నుంచి అసలు స్టాక్‌ను తీసుకుంటుంది. వైవా దగ్గరపడింది. సింగిల్ స్టెప్ తీసేసి రిపోర్టు బైండింగ్‌కు ఇచ్చేయమంటారా?
– బీటెక్ విద్యార్థి, హనుమకొండ

జవాబు: చౌరస్తాలో జిరాక్స్ షాపులు రాత్రి పొద్దుపోయేదాకా తెరిచే ఉంటాయి, బైండింగ్‌కు తొందరేమీ లేదు. పైగా, సింగిల్ స్టెప్ తీసేసినా ఈ రీబూట్ పోదు. ఎందుకో చివర్లో చెబుతాను.

ఫ్లాగ్స్ రిజిస్టర్‌లో 8వ బిట్ ట్రాప్ ఫ్లాగ్. అది 1గా ఉంటే ప్రాసెసర్ ఒక ఇన్‌స్ట్రక్షన్ నడిపి వెంటనే 1వ నంబరు ట్రాప్ వేస్తుంది, అంటే పని ఆపి కెర్నల్లోని హ్యాండ్లర్‌ను పిలుస్తుంది. ఇంతవరకు మీకు తెలుసు. మీ రెండు ఇబ్బందులకూ మూలం ఒక్కటే: ఆ బిట్ ఏ క్షణంలో ఎక్కడుందో మీ కెర్నల్ లెక్క పెట్టుకోవడం లేదు.

‘ఇంట్ 80’ చెప్పులు వాకిట్లో విడిచి ఇంట్లోకి వచ్చే చుట్టం లాంటిది. పాత ఫ్లాగ్‌లను స్టాక్ మీద భద్రపరిచి, ట్రాప్ ఫ్లాగ్‌ను సున్నా చేసి కెర్నల్లోకి అడుగుపెడుతుంది. తిరిగి వెళ్లేటప్పుడు ‘ఐరెట్’ ఇన్‌స్ట్రక్షన్ ఆ బిట్‌ను మళ్లీ వెలిగిస్తుంది. కానీ అలా వెలిగిన బిట్ పనిచేసేది ఆ తర్వాతి ఇన్‌స్ట్రక్షన్ పూర్తయ్యాకే. మీకు తప్పిపోతున్నది అదే. ప్రాసెసర్‌ను తిట్టుకోకండి, దాని నియమమే అంత.

‘సిస్‌ఎంటర్’ చెప్పులతోనే నట్టింట్లోకి వస్తుంది. ఇంటరప్ట్ ఫ్లాగ్‌ను ఆపుతుంది గానీ ట్రాప్ ఫ్లాగ్‌ను ముట్టుకోదు. అందువల్ల మీ ఎంట్రీ కోడులో మొదటి ఇన్‌స్ట్రక్షన్ ఇంకా నడవకముందే, కెర్నల్ మోడ్‌లోనే, ట్రాప్ వచ్చి పడుతుంది. అప్పుడు స్టాక్ పాయింటర్ ఎక్కడుంది? మీరు టీఎస్ఎస్ చిరునామా పెట్టిన చోట. ట్రాప్ కెర్నల్ నుంచి కెర్నల్‌కే కాబట్టి ప్రాసెసర్ స్టాక్ మార్చదు. ఫ్లాగ్‌లనూ, సీఎస్‌నూ (కోడు సెగ్మెంట్), ఈఐపీనీ (తర్వాతి ఇన్‌స్ట్రక్షన్ చిరునామా) అక్కడే కిందికి తోస్తుంది. మీ హ్యాండ్లర్ తన సరుకంతా ఆ కిందే పేరుస్తుంది. టీఎస్ఎస్‌కు ముందు మీరు జీడీటీ (సెగ్మెంట్ల పట్టిక) పెట్టి ఉంటే (చాలామంది ఒకే పేజీలో అలాగే పెడతారు) ఆ పేర్పు దాన్ని చెరిపేస్తుంది. ఆ తర్వాత సెగ్మెంట్ రిజిస్టర్ నింపబోయిన మొదటి ఇన్‌స్ట్రక్షన్‌తో ఫాల్ట్, దానిమీద డబుల్ ఫాల్ట్, దానిమీద ట్రిపుల్ ఫాల్ట్. ఇక రీబూటే. నా మాట నమ్మక్కర్లేదు: ఇంటరప్టుల లాగ్ రాసే ఆప్షన్‌నూ, రీబూట్‌ను ఆపే ఆప్షన్‌నూ ఇచ్చి క్యూఎము నడపండి. ప్రివిలేజ్ లెవెల్ 0లో (కెర్నల్ మోడ్) 1వ నంబరు ట్రాప్ కనిపిస్తే రోగం ఇదే.

ఇక మందు. ముందుగా ఆ ఎంఎస్ఆర్‌లో ఒక విడి పేజీ, 4096 బైట్లు, చిన్న స్టాక్‌గా పెట్టండి. అసలు స్టాక్‌ను టీఎస్ఎస్ నుంచి నేరుగా దాని చిరునామాతో చదువుకోండి. తర్వాత ట్రాప్ హ్యాండ్లర్‌లో భద్రమైన సీఎస్ అడుగున ఉండే రెండు బిట్లు చూడండి. 3 అయితే యూజర్ నుంచి వచ్చింది, డీబగ్గర్‌కు చెప్పండి. 0 అయి, ఈఐపీ మీ ఎంట్రీ కోడులో ఉంటే, ట్రాప్ ఫ్రేములోని ఫ్లాగ్‌లలో 8వ బిట్ తుడిచి, ‘ఈ ప్రాసెస్‌ను స్టెప్ చేస్తున్నాం’ అని ప్రాసెస్ స్ట్రక్చర్‌లో గుర్తు పెట్టి వెనక్కి వెళ్లండి. గుర్తు తప్పనిసరి, ‘సిస్‌ఎంటర్’ యూజర్ ఫ్లాగ్‌లను ఎక్కడా దాచదు కాబట్టి, మీరు తుడిచాక ఆ సంగతి ఇంకెవరికీ తెలియదు. ఈ ట్రాప్‌లో ఫ్రేము చివర యూజర్ స్టాక్ పాయింటర్, ఎస్ఎస్ (స్టాక్ సెగ్మెంట్) ఉండవు. ఉన్నాయనుకుని చదివే కోడు ఉంటే సరిచేయండి.

సిస్టమ్ కాల్ ముగిశాక ఆ గుర్తు ఉంటే, యూజర్‌లోకి వెళ్లకముందే ప్రాసెస్‌ను ఆపి డీబగ్గర్‌కు చెప్పేయండి. తప్పిపోయే ఇన్‌స్ట్రక్షన్ కూడా దీనితోనే దొరుకుతుంది. అలాంటి ప్రాసెస్‌ను ‘సిస్‌ఎంటర్’కు జంట అయిన ‘సిస్‌ఎగ్జిట్’తో కాక ‘ఐరెట్’తో పంపండి. లైనక్స్ కూడా ట్రాప్ ఫ్లాగ్ వెలిగి ఉన్నప్పుడు ‘సిస్‌ఎగ్జిట్’ జోలికి పోదు.

ట్రాప్ ఎందుకు వచ్చిందో చెప్పే డీఆర్6 రిజిస్టర్‌లో 14వ బిట్ సింగిల్ స్టెప్‌కు గుర్తు. ప్రాసెసర్ దాన్ని తనంతట తాను తుడవదు, హ్యాండ్లరే తుడవాలి. లేకపోతే రేపు వాచ్‌పాయింట్ (మెమరీ మార్పు మీద కాపలా) తగిలినా మీకు స్టెప్ లాగే కనిపిస్తుంది.

సింగిల్ స్టెప్ తీసేసినా రీబూట్ పోదన్నాను కదా. ఫ్లాగ్‌లను నింపే ‘పాప్‌ఎఫ్’తో ట్రాప్ ఫ్లాగ్ వెలిగించడానికి యూజర్ ప్రోగ్రాముకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఆ వెంటనే ‘సిస్‌ఎంటర్’ అంటే మీ కెర్నల్ కూలినట్టే. ఎగ్జామినర్ నేనైతే వైవాలో మొదట అడిగేది ఇదే.

ప్రశ్న: మా ల్యాబ్‌లో ఎక్స్‌వీ6 (బోధన కోసం రాసిన చిన్న ఆపరేటింగ్ సిస్టమ్) రిస్క్-ఫైవ్ ప్రాసెసర్ మీద నడుస్తుంది. అందులో ట్రాప్ ఫ్లాగ్ ఏది? మాన్యువల్ అంతా వెతికాను.
– ఎంసీఏ విద్యార్థిని, కరీంనగర్

జవాబు: వెతకడం ఆపేయండి, లేదు. అక్కడ స్టెప్ బిట్ బయటి డీబగ్ హార్డ్‌వేర్ కోసమే. మామూలు కెర్నల్‌కు అది అందదు. తర్వాత నడవబోయే ఇన్‌స్ట్రక్షన్ ఏదో మీరే లెక్కగట్టి, అక్కడ ‘ఈబ్రేక్’ (ఆపే ఇన్‌స్ట్రక్షన్) పెట్టి, మారిన కోడును ప్రాసెసర్ చూసేలా ‘ఫెన్స్ డాట్ ఐ’ నడిపి వదలాలి. బ్రాంచ్ అయితే రిజిస్టర్లు చూసి ఎటు పోతుందో తేల్చాలి. అక్కడ రెండు బైట్ల ఇన్‌స్ట్రక్షన్ ఉంటే రెండు బైట్ల ‘ఈబ్రేక్’ వాడాలి. లైనక్స్ కెర్నల్ డీబగ్గర్ కేజీడీబీ రిస్క్-ఫైవ్ మీద చేసేదీ ఇదే.

జాగ్రత్త పడాల్సింది ‘ఎల్ఆర్’ (మెమరీ చదివి రిజర్వేషన్ పెట్టేది), ‘ఎస్‌సీ’ (ఆ రిజర్వేషన్ ఉంటేనే రాసేది) జంట దగ్గర. ఆ రెంటి మధ్య ట్రాప్ వస్తే రిజర్వేషన్ పోవచ్చు. పోతే ‘ఎస్‌సీ’ విఫలమై కోడు మళ్లీ మొదటికి వస్తుంది. మీరు ఎన్ని స్టెప్పులు వేసినా అక్కడక్కడే తిరుగుతారు. ‘ఎల్ఆర్’ కనిపిస్తే మధ్యలో ఎక్కడా ఆపకండి. బ్రేక్‌పాయింట్ ‘ఎస్‌సీ’కీ, అది విఫలమైతే వెనక్కి తిప్పే బ్రాంచ్‌కూ అవతల పెట్టండి.