పేపర్ ఓకే అయింది, టికెట్‌కి డబ్బులేవి?

ప్రశ్న: తార్నాకలో ఉంటానండి, కెమిస్ట్రీ పీహెచ్‌డీ. జర్మనీ కాన్ఫరెన్స్‌లో నా పేపర్ ఓకే అయింది, ఫెలోషిప్ రూమ్ అద్దెకే సరిపోతోంది, ఫ్లైట్ ఖర్చు ఎవరిస్తారు?

జవాబు: ముందు కంగ్రాట్స్ అమ్మా! సైన్స్ వాళ్లకి కేంద్ర పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ ట్రావెల్ గ్రాంట్ ఉంది, రీసెర్చ్‌కి డబ్బులిచ్చే కేంద్ర సంస్థ, ఒకప్పటి సెర్బ్, ఇప్పుడు ఏఎన్ఆర్ఎఫ్ అయింది, అక్కడా చూడు. ఇవాళే మొదలెట్టు, సంతకాల కోసం తిరగడానికే వారం పోద్ది. ఆర్గనైజర్లకీ ఒక మెయిల్ పెట్టు, అడగందే అమ్మైనా పెట్టదు కదా. అసలు తంటా ఏంటంటే చాలాసార్లు డబ్బులు వెళ్లొచ్చాకే ఇస్తారు, జర్మనీ వెళ్లడానికి కావాల్సిన షెంగెన్ వీసాకే 90 యూరోలు, అన్నీ ముందు మన జేబులోంచే. సర్కారు డబ్బైతే టికెట్ సర్కారు ఒప్పుకున్న ఏజెంట్లు బామర్ లారీ, అశోక్ ట్రావెల్స్, ఐఆర్‌సీటీసీ దగ్గరే కొనాలి, చవగ్గా దొరికిందని ఇంకెక్కడో కొంటే బిల్లు వెనక్కొస్తుంది. బోర్డింగ్ పాస్‌లు జాగ్రత్త, నాదొకటి చొక్కా జేబులోనే ఉండిపోయి వాషింగ్ మెషీన్‌లో ముద్దయిపోయింది.