చూపించడానికి ఇచ్చిన కంప్యూటరుకు కరెంటు పెడితే బాధ్యత ఎవరిది?

ప్రశ్న: మా నాన్నగారు ప్రభుత్వ పాఠశాలలో లెక్కల మాస్టారు. 1984లో బడిపిల్లలకు కంప్యూటరు నేర్పడానికి కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన ‘క్లాస్’ అనే పథకం కింద బడులకు వచ్చిన బీబీసీ మైక్రో కంప్యూటర్లలో ఒకదానిని, అది మూలపడిన తర్వాత వేలంలో కొని ఇంటికి తెచ్చుకున్నారు. ఆయన పోయాక దానిని నేను పూజగదిలో వస్తువులా చూసుకున్నాను. 1980ల నాటి బడి కథతో వెబ్ సిరీస్ తీస్తున్న ఒక సంస్థవారు 2023 నవంబరు 6న మా ఇంటికి వచ్చి, కంప్యూటరును, దాని మానిటరును 8,000 రూపాయల అద్దెకు హైదరాబాదు తీసుకువెళ్లారు. ఆ రోజు ఉదయమే వాట్సాప్‌లో వారి ఆర్ట్ అసిస్టెంటుకు ‘పాత మిషను, షోకు పెట్టుకోండి, కరెంటు మాత్రం పెట్టవద్దు’ అని రాశాను. అతను జవాబుగా బొటనవేలు పైకెత్తిన బొమ్మ పెట్టాడు. నవంబరు 20న కంప్యూటరును టేపు వేసిన అట్టపెట్టెలో తెచ్చి ఇచ్చారు. మానిటరు తర్వాత పంపుతామన్నారు, ఇంతవరకు పంపలేదు. 2024 జూన్‌లో పెట్టె తెరిస్తే మాడు వాసన, లోపల తుప్పు కనిపించాయి. నవంబరు 9న సెట్‌లో స్విచ్చి వేశారని, కాసేపటికి వెనక నుంచి పొగ వస్తే కంగారులో నీళ్లు పోశారని అక్కడ పనిచేసిన కుర్రాడు చెప్పాడు. సిరీస్ 2025 ఫిబ్రవరిలో యూట్యూబులో విడుదలైంది. మేనేజరు ‘సెటిల్ చేద్దామండీ’ అని వాయిస్ మెసేజీలు పెడుతూ కాలం గడుపుతున్నాడు. 10 లక్షల పరిహారం, టైటిల్స్‌లో నాన్నగారి పేరు కోరవచ్చా? యూట్యూబుకు ఫిర్యాదు చేసి కాపీరైటు స్ట్రైకు వేస్తే దిగివస్తారని మిత్రుడు అంటున్నాడు. ఒక మెకానిక్ బాగుచేస్తానంటున్నాడు, ఇవ్వమంటారా?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: మీ పూర్తి ఉత్తరంలో మూడు వంతులు మీ నాన్నగారి గురించే ఉంది. కోర్టుకు కావలసింది మిగిలిన ఒక వంతు, అందులోనూ ఒక్క వాక్యం: ‘కరెంటు మాత్రం పెట్టవద్దు’. ఈ షరతు వస్తువు మీ గడప దాటకముందే అవతలివారికి తెలిసిందని నిరూపించగలిగితే మీ దావా నిలుస్తుంది. నిరూపించలేకపోతే మీరు పరిహారం అడగడం అటుంచి, మీ మీదే ఎదురు క్లెయిము వచ్చే ప్రమాదం ఉంది. ఎందుకో వివరిస్తాను.

అద్దెకు తీసుకుని, పని అయ్యాక తిరిగి ఇచ్చే షరతు మీద వస్తువును అప్పగించడాన్ని భారత ఒప్పందాల చట్టం, 1872 బెయిల్‌మెంటు అంటుంది. సాధారణంగా ఇలాంటి కేసులో తీసుకున్నవారు 151వ సెక్షను ప్రకారం, మామూలు వివేకం ఉన్న మనిషి తన సొంత వస్తువును చూసుకున్నంత జాగ్రత్తగా చూసుకుంటే సరిపోతుంది. ‘మేం జాగ్రత్తగానే ఉన్నాం, నలభై ఏళ్ల నాటి యంత్రం దానంతట అదే కాలింది’ అని చెప్పి బయటపడగలరు. అయితే 154వ సెక్షను వేరు. షరతుకు విరుద్ధంగా వాడినప్పుడు, ఆ వాడకం వల్ల కాని, ఆ వాడకం సాగుతుండగా కాని వస్తువుకు కలిగిన నష్టానికి తీసుకున్నవారే బాధ్యులు. ఎంత జాగ్రత్తగా వాడారన్న ప్రశ్నే రాదు. ఆ సెక్షను కింద చట్టమే ఇచ్చిన ఉదాహరణ చూడండి: కాశీకి వెళ్తానని కలకత్తాలో గుర్రాన్ని అద్దెకు తీసుకున్నవాడు దానిని కటకం దారి పట్టించాడు, జాగ్రత్తగానే నడిపాడు, గుర్రం ప్రమాదవశాత్తూ పడి గాయపడింది, అయినా గుర్రం యజమానికి పరిహారం ఇవ్వాల్సిందే. మీ కంప్యూటరు కథ ఆ గుర్రం కథే.

ఇక ఎదురు ప్రమాదం సంగతి. 150వ సెక్షను ప్రకారం వస్తువు ఇచ్చేవాడు తనకు తెలిసిన లోపాలను ముందే చెప్పాలి. అద్దె పుచ్చుకుని ఇచ్చినట్లయితే, లోపం తనకు తెలిసినా తెలియకపోయినా దానివల్ల కలిగిన హానికి బాధ్యత వహించాలి. మీరు 8,000 రూపాయలు తీసుకున్నారు. ఆ కాలపు యంత్రాల పవర్ సప్లైలో కరెంటు లోపలికి వచ్చే చోట ఉండే వడపోత కెపాసిటర్ల పైపొర ఏళ్ల తరబడి నెర్రెలిచ్చి తేమ పీలుస్తుందని, చాలాకాలం తర్వాత స్విచ్చి వేస్తే కొద్ది నిమిషాల్లో దుర్వాసనతో పొగ చిమ్ముతుందని పాత కంప్యూటర్లతో పరిచయం ఉన్నవారందరికీ తెలుసు. కాబట్టి అవతలి వకీలు వేయబోయే మొదటి ప్రశ్న ‘లోపం మీ యంత్రంలోనే ఉంది కదా?’ అన్నదే. దానికి మీ జవాబు ఆ వాట్సాప్ వాక్యమే. అది వాడకానికి హద్దు పెట్టింది, యంత్రం కరెంటు పెట్టదగినది కాదని హెచ్చరించింది కూడా. మీరు అనాలోచితంగా రాసినా మంచి పనే చేశారు.

ఆ ఒక్క మంచి పని తప్ప మిగిలినదంతా అజాగ్రత్తే. చలానా లేదు. అప్పగించేటప్పుడు ఫొటో తీయలేదు. యంత్రం అడుగున ఉండే సీరియల్ నంబరు ఎక్కడా రాసిపెట్టుకోలేదు. తిరిగివచ్చిన పెట్టెను ఏడు నెలలు తెరవలేదు. పూజగదిలో వస్తువులా చూసుకున్నానని రాసినవారు, పరాయి చేతుల్లోంచి వచ్చిన దానిని ఆ సాయంత్రమే తెరిచి చూడవద్దా? ఇది నిష్ఠూరం కోసం అంటున్న మాట కాదు. నష్టాన్ని తగ్గించుకోవడానికి మీకు అందుబాటులో ఉన్న మార్గాలను కూడా 73వ సెక్షను లెక్కలోకి తీసుకుంటుంది. నీళ్లు పోసిన బోర్డును వెంటనే ఆరబెట్టి ఉంటే తుప్పు ఇంతగా పట్టేది కాదని వారు వాదిస్తారు, ఆ వాదనలో కొంత బలం ఉంది.

సాక్ష్యం విషయానికి వస్తాను. వాట్సాప్ సంభాషణ స్క్రీన్‌షాట్లు మీ కొత్త ఫోనులో ఉన్నాయని, అసలు ఫోను అద్దం పగిలి బీరువాలో ఉందని ఉత్తరం చివర రాశారు. ఆ పగిలిన ఫోనును దయచేసి ఎవరికీ ఇవ్వకండి, రీసెట్ చేయించకండి. భారతీయ సాక్ష్య అధినియమం, 2023లోని 63వ సెక్షను ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డు ప్రతిని దాఖలు చేయాలంటే దానితోపాటు సర్టిఫికెట్టు ఇవ్వాలి. అందులో ఒక భాగం మీరు, రెండో భాగం నిపుణుడు సంతకం చేయాలి, రికార్డు హ్యాష్ విలువ, అంటే అది మారలేదని చూపించే అంకెల గుర్తు, పేర్కొనాలి. అసలు ఫోను చేతిలో ఉంటే ఈ పని సులువు. స్క్రీన్‌షాటు మాత్రమే ఉంటే ‘కత్తిరించి అతికించారు’ అన్న ఒక్క మాటతో నెలలు గడిచిపోతాయి. మెసేజీ వెళ్లిన సమయం, బండి మీ ఇంటికి వచ్చిన సమయం రెండూ ముఖ్యం. వస్తువు వెళ్లిపోయాక పెట్టిన షరతు ఒప్పందంలో భాగం కాదు. మీది ఉదయం వెళ్లింది, సామాను తర్వాత వెళ్లింది; అద్దె యూపీఐ ద్వారా ఎప్పుడు జమ అయిందో బ్యాంకు స్టేట్‌మెంటు తీయిస్తే ఆ వరుస ఖాయమవుతుంది. ఆ డబ్బు సంస్థ ఖాతా నుంచి వచ్చిందా, ఆర్ట్ డైరెక్టరు సొంత ఖాతా నుంచి వచ్చిందా అన్నది కూడా దానిలోనే తెలుస్తుంది. అనుమానం ఉంటే ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చాలి.

కరెంటు పెట్టారని ఎలా రుజువు చేస్తారు? సెట్‌లోని కుర్రాడి మాట మంచిదే, అయితే రేపు అతనికి ఆ సంస్థలోనే పని దొరికితే బోనులో ఏం చెబుతాడో మీకూ నాకూ తెలియదు. మీ అసలు సాక్షి ఆ సిరీసే. మీరు పంపిన లింకులో మూడో ఎపిసోడు చూశాను. పిల్లవాడి వేళ్లు మీటల మీద ఆడుతున్న దగ్గరి షాటులో, కీబోర్డు ఎడమవైపు కింది మూలన చిన్న ఎర్ర దీపం వెలుగుతోంది. బీబీసీ మైక్రోకు కరెంటు రాగానే క్యాప్స్ లాక్ దీపం తనంతట తానే వెలుగుతుంది. తెర మీది అక్షరాలను తర్వాత గ్రాఫిక్స్‌లో అతికించామని వారు చెప్పవచ్చు, అలా చేయడం మామూలే. కాని గోరంత దీపాన్ని ఎవరూ పనిగట్టుకుని గ్రాఫిక్స్‌లో వెలిగించరు. వెడల్పు షాటులో మానిటరు మీద నల్లని పట్టీ కిందికి జారుతున్నట్టు కూడా కనిపిస్తోంది. పాత గాజు తెర సెకనుకు 50 సార్లు మారుతుంటే, కెమెరా 24 ఫ్రేములు తీస్తున్నప్పుడు ఇలాంటి పట్టీ వస్తుంది. అది కూడా తెర నిజంగా వెలిగిందనడానికే సూచన. ఈ ఎపిసోడును రేపు వారు తొలగించవచ్చు, మళ్లీ ఎడిట్ చేసి పెట్టవచ్చు. కాబట్టి ఈ వారమే దానిని భద్రపరిచి, ఏ నిమిషం ఏ సెకను దగ్గర ఏముందో రాసి, దానికి కూడా 63వ సెక్షను సర్టిఫికెట్టు సిద్ధం చేయించండి. నవంబరు 9 నాటి ముడి ఫుటేజిని, ఆ రోజు షూటింగు వివరాలుండే కాల్ షీటును చెరిపివేయవద్దని లీగల్ నోటీసులోనే స్పష్టంగా కోరాలి.

ఇప్పుడు కాలపరిమితి. మీరు పెట్టె తెరిచిన 2024 జూన్ నుంచి మూడేళ్లు ఉందని అనుకుంటున్నట్టున్నారు, అది పొరపాటు. లిమిటేషన్ చట్టం, 1963లోని 91(బి) ఆర్టికల్ ప్రకారం వస్తువుకు హాని జరిగిన తేదీ నుంచే మూడేళ్లు లెక్క, మీకు తెలిసిన తేదీ నుంచి కాదు. ఆ కుర్రాడు చెప్పిన తేదీ నిజమైతే మీ గడువు 2026 నవంబరు 9తో ముగుస్తుంది. మేనేజరు వాయిస్ మెసేజీలు ఈ గడువును పొడిగించవు; 18వ సెక్షను కింద పనికివచ్చే అంగీకారం రాతపూర్వకంగా, సంతకంతో, గడువు ముగియకముందే ఉండాలి. ‘సెటిల్ చేద్దామండీ’ అన్న మాటలో బాధ్యత ఒప్పుకున్నదీ లేదు. ఇలాంటి తీయని మాటలు వింటూ గడువు దాటబెట్టుకున్నవారిని ఏటా చూస్తూనే ఉన్నాను.

మానిటరు సంగతి కొంత భిన్నం. అప్పగించిన వస్తువును తిరిగి పొందడానికి, అడిగిన తర్వాత వారు నిరాకరించిన తేదీ నుంచి మూడేళ్లు అని 70వ ఆర్టికల్ ఆధారంగా వాదించవచ్చు. ఆ వాదన మీద ఆధారపడకుండా రెండింటికీ కలిపి ఒకే దావా వేయడం క్షేమం. అలాంటి మానిటరు బజారులో దొరకదు కాబట్టి, డబ్బు కాకుండా ఆ వస్తువునే ఇప్పించమని స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం కింద కోరండి. ఇవ్వలేకపోతే ప్రత్యామ్నాయంగా ఎంత చెల్లించాలో కోర్టు డిక్రీలోనే రాస్తుంది.

మీ మిత్రుడి సలహా దగ్గరికి వస్తున్నాను. కాపీరైటు స్ట్రైకు వేయవద్దు, ఎట్టి పరిస్థితిలోనూ వేయవద్దు. కంప్యూటరు మీ సొంతం కావడం వేరు, దాని రూపం మీద కాపీరైటు ఉండడం వేరు. ఆ యంత్రాన్ని ఎకార్న్ అనే బ్రిటిష్ సంస్థ తయారు చేసింది, మీ నాన్నగారు కాదు. కాపీరైటు ఉన్న కళాకృతి అయినా, సన్నివేశంలో నేపథ్యంగానో యాదృచ్ఛికంగానో కనిపిస్తే అది ఉల్లంఘన కాదని కాపీరైటు చట్టంలోని 52వ సెక్షను చెబుతోంది. లేని హక్కును ఉన్నట్టు ప్రకటించి బెదిరిస్తే, 60వ సెక్షను కింద వారే మీ మీద దావా వేసి నష్టపరిహారం అడగవచ్చు. న్యాయం మీ వైపు ఉన్న కేసులో స్ట్రైకు కోసం అబద్ధపు డిక్లరేషను మీద సంతకం పెట్టి, క్రాస్ ఎగ్జామినేషన్‌లో దానినే మీ ముఖం ముందు పెట్టించుకోవడం తెలివైన పని కాదు. టైటిల్స్‌లో పేరు కూడా ఇలాంటి కోరికే. ముందే ఒప్పుకుని ఉంటే తప్ప వస్తువు ఇచ్చినవారికి ఆ హక్కు లేదు. వేలం రసీదు దొరకలేదని మీరు బెంగపడనక్కరలేదు. మీ దగ్గర అద్దెకు తీసుకున్నవారు, ఇచ్చేనాటికి మీకు హక్కు లేదని ఇప్పుడు అడ్డం తిరగడానికి సాక్ష్య చట్టం ఒప్పుకోదు.

మెకానిక్‌కు ఇప్పుడే ఇవ్వకండి. మాడిన కెపాసిటరును తీసి పారేస్తే కరెంటు పెట్టారనడానికి ఉన్న భౌతిక సాక్ష్యం చెత్తబుట్టలోకి పోతుంది. ముందు పెట్టె, టేపు, యంత్రం నలువైపులా, సీరియల్ నంబరు ఫొటోలు తీయించండి. పాత ఎలక్ట్రానిక్స్ తెలిసిన ఇంజనీరు చేత, ఏ భాగం కరెంటు వల్ల పోయిందో, ఏది నీటి వల్ల పోయిందో విడివిడిగా రాయించి, మరమ్మతు అంచనా తీసుకోండి. మీకు దక్కగల మొత్తం ఆ అంచనా, మరమ్మతు తర్వాత కూడా పూడని విలువ తగ్గుదల, మానిటరు ఖరీదు, వడ్డీ. ఇలాంటి యంత్రాలు ఎంతకు అమ్ముడవుతున్నాయో చూపించే కాగితాలు జతచేయండి. 10 లక్షల అంకె మీ బాధకు కొలత కావచ్చు, ఒప్పంద భంగానికి కాదు. పైగా ఆ అంకె మీద కోర్టు ఫీజు మీరే కట్టాలి.

టెలివిజన్‌కూ ఈ యంత్రానికీ ఉన్న సంబంధం తలచుకుంటే చిత్రంగా ఉంటుంది. 1982 జనవరిలో బ్రిటన్‌లో బీబీసీ ప్రసారం మొదలుపెట్టిన కంప్యూటర్ పాఠాల కార్యక్రమానికి తోడుగానే దీనిని తయారు చేయించారు. విదేశీ సెట్లలో నిజంగా పనిచేసే ప్రాపర్టీని, అంటే సెట్ సామానును, ‘ప్రాక్టికల్’ అని వేరుగా పిలుస్తారు, దాని అద్దె, షరతులు వేరుగా మాట్లాడుకుంటారు. మన దగ్గర కూడా అద్దె చలానా మీద ‘ప్రదర్శనకు మాత్రమే’ అన్న రెండు మాటలు, అవతలివారి సంతకం ఉంటే ఈ ఉత్తరం రాయాల్సిన అవసరం మీకు ఉండేది కాదు.

చేయవలసిన క్రమం ఇది. ఈ వారంలో అడ్వొకేటు ద్వారా సంస్థకు, ఆర్ట్ డైరెక్టరుకు స్పీడ్ పోస్టులో నోటీసు పంపి 15 రోజులు గడువు ఇవ్వండి; పోస్టు రసీదు, అందినట్టు రుజువు దాచండి. జవాబు రాకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో లోక్ అదాలత్ కోసం ప్రీ లిటిగేషన్ (దావాకు ముందు) దరఖాస్తు పెట్టుకోవచ్చు; దానికి కోర్టు ఫీజు లేదు, రాజీ కుదిరితే అవార్డు డిక్రీతో సమానం. అయితే ఆ దరఖాస్తు పెండింగులో ఉందని లిమిటేషన్ ఆగదు, కాబట్టి రెండు వాయిదాలకు మించి ఎదురుచూడకండి. ఒప్పందం కుదిరింది, వస్తువు అప్పగించింది హనుమకొండలోనే కనుక దావా అక్కడి జూనియర్ సివిల్ జడ్జి కోర్టులో వేసుకోవచ్చు. అడ్వొకేటు దగ్గరికి వెళ్లేటప్పుడు పగిలిన ఫోనును, బ్యాంకు స్టేట్‌మెంటును తీసుకువెళ్లండి. అట్టపెట్టెను మాత్రం ఇంట్లో తడి తగలని చోట ఉంచి, కోర్టు పరిశీలనకు పంపే కమిషనరు వచ్చి చూసేవరకు కదపకండి.