అంగీ ఒకచోట, గిటార్ ఒకచోట

ప్రశ్న: ఒక లూథరన్ చర్చిలో పాస్టర్ తెల్ల అంగీతో ఆరాధన క్రమం చదువుతారు. ఇంకో లూథరన్ చర్చిలో గిటార్, డ్రమ్స్! పైగా అక్కడ నన్ను ప్రభువు బల్లకు (రొట్టె, ద్రాక్షారసం తీసుకునే సంస్కారానికి) రానివ్వలేదు. ఎందుకిలా?

జవాబు: గిటార్ గురించి టెన్షన్ వద్దు. సువార్త బోధలో, సంస్కారాల్లో ఏకీభావం ఉంటే చాలు, ఆచారాలు అన్నిచోట్లా ఒకేలా ఉండనక్కర్లేదని లూథరన్ల మూల విశ్వాస ప్రకటన అయిన 1530 నాటి ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రమాణం ఏడో అధికరణమే చెప్పింది. (నాకైతే పాత క్రమమే ఇష్టం, అది వేరే సంగతి.) బల్ల దగ్గరే అసలు పేచీ. అమెరికాలో మిస్సోరి సినడ్ అనే లూథరన్ సంఘాల సమాఖ్య, సిద్ధాంతంలో తమతో ఏకీభవించేవారికే సాధారణంగా సంస్కారం ఇస్తుంది. స్త్రీలను పాస్టర్లుగా నియమించదు. అక్కడిదే ఇంకో లూథరన్ సమాఖ్య ఈఎల్‌సీఏ (ఎవాంజెలికల్ లూథరన్ చర్చ్ ఇన్ అమెరికా) బాప్తిస్మం పొందినవారిని ఆహ్వానిస్తుంది. అందులో స్త్రీలు బిషప్పులూ అయ్యారు. రొట్టె, ద్రాక్షారసాల్లో క్రీస్తు నిజంగా ఉంటాడని మాత్రం ఇద్దరూ బోధిస్తారు. ఈసారి ఆరాధనకు ముందే పాస్టర్‌గారిని అడిగేయండి.