తమ్ముడి బ్యాగులో దొరికింది పెన్ను కాదు

ప్రశ్న: మాది పర్లాకిమిడి. తమ్ముడికి 19 ఏళ్లు, బరంపురంలో హాస్టల్లో ఉండి చదువుతున్నాడు. దసరాకి వచ్చినప్పుడు బ్యాగులో వేప్, అదే ఈ-సిగరెట్, దొరికింది. సిగరెట్ వాసనే పడని వాడికి ఇదెలా అంటుకుంది? నాన్నకి చెప్పనా?

జవాబు: వాసన పడకపోవడమే కారణం కావచ్చమ్మా. మామిడి, పుదీనా రుచుల్లో దొరుకుతుంది, కంపు కొట్టదు, గొంతు పెద్దగా మండదు, అందుకే బీడీ ముట్టని పిల్లలు కూడా ఒక్కసారి చూద్దామని లాగుతారు. స్కూల్లోనే మొదలుపెట్టేవాళ్లూ ఉన్నారు గానీ, ఇల్లు వదిలి హాస్టల్లో చేరాక రూమ్మేట్ చేతికిస్తే, పరీక్షల టెన్షన్‌కి అడిగేవాళ్లు లేకపోవడం తోడైతే, ఇక చెప్పేదేముంది! అది ఉత్త ఆవిరి కాదు. చాలావాటిలో పొగాకులో ఉండే నికోటిన్ ఉంటుంది, సుమారు 25 ఏళ్ల దాకా ఎదిగే మెదడు దానికి తొందరగా అలవాటు పడుతుంది. లాగితే టెన్షన్ తగ్గిందనిపించేది కూడా చాలాసార్లు నికోటిన్ కోసం పుట్టే తహతహ తీరడమే. 2019 చట్టంతో మన దేశంలో వీటి అమ్మకం, నిల్వ రెండూ నేరం, అంటే వాడు కొన్నది దొంగసరుకే, లోపల ఏం పోశారో ఎవరికి తెలుసు. నాన్నకి ఇప్పుడే వద్దు. ఎప్పటినుంచిరా అని ముందు నువ్వే అడుగు, తిట్టకుండా. మానాలనుకుంటే పొగాకు మానడానికి సాయం చేసే జాతీయ హెల్ప్‌లైన్ 1800-11-2356కి ఫోన్ చేయించు, డబ్బులు పడవు.