అపశకున మేఘాలు అనవచ్చా?

సందేహం: ఒక వార్తలో ‘సముద్రం మీద అపశకున మేఘాలు కమ్ముకున్నాయి’ అని చదివాను. ఇంగ్లీషులో ‘ఆమినస్ క్లౌడ్స్’ అని ఉండి ఉంటుంది. నా దగ్గరున్న నిఘంటువు ఆమినస్‌కీ, ఇనాస్పిషస్‌కీ ‘అశుభసూచకమైన’ అనే అర్థమే ఇచ్చింది. రెండూ ఒకటేనా? తెలుగులో ఏమనాలి?

సమాధానం: ఒకటి కావు. ముహూర్తం బాగాలేకపోతే ఇనాస్పిషస్. మబ్బు పట్టిన తీరు చూసి గుండె గుభేలుమంటే ఆమినస్. మొదటిది ఆ వేళకో, ఆ పనికో ఉన్న దోషం. రెండోది రాబోయే కీడు ముందుగా చూపించే జాడ. రాహుకాలం ఇనాస్పిషస్. అర్ధరాత్రి మోగిన ఫోను ఆమినస్.

ఇనాస్పిషస్ పుట్టుక మనకు ఇట్టే తెలుస్తుంది. లాటిన్‌లో ‘అవిస్’ అంటే పిట్ట, ‘స్పెకెరె’ అంటే చూడడం. పిట్టల్ని చూసి శకునం చెప్పేవాణ్ణి రోమన్లు ‘ఆస్పెక్స్’ అన్నారు. మన ‘శకునం’ కూడా సంస్కృతంలో పిట్టే! శకుంతాలు, అంటే పక్షులు, కాపాడాయి కాబట్టే శకుంతలకు ఆ పేరు. దసరానాడు పాలపిట్ట కనబడితే దణ్ణం పెడతాం, రాత్రిపూట తీతువు కూస్తే తిట్టుకుంటాం. రోమన్లయితే యుద్ధనౌకల్లో కోళ్లనే వెంట తీసుకెళ్లారు. క్రీ.పూ. 249లో డ్రెపనా యుద్ధానికి ముందు అవి గింజలు ముట్టలేదు, అంటే అపశకునమన్నమాట. ‘తినకపోతే నీళ్లు తాగనీ’ అని సేనాని క్లాడియస్ పుల్కర్ వాటిని సముద్రంలోకి విసిరేయించాడట. యుద్ధంలో చిత్తుగా ఓడాడు.

ఆమినస్‌కు మూలం ‘ఓమెన్’. ఓమెన్ అంటే శకునం, మంచిదైనా చెడ్డదైనా. ఆమినస్ మాత్రం చెడు వైపే ఒరిగిపోయింది. మన ‘అదృష్టం’ దీనికి తలకిందులు. కనబడనిది అన్నంతవరకే దాని అసలు అర్థం. అది మంచి పక్షాన చేరిపోవడంతో చెడుకు వేరే ‘దురదృష్టం’ కావలసి వచ్చింది.

ఇక మీ మేఘాల సంగతి. సమాసంగా తప్పు పట్టలేం గాని, అలా ఎవరూ మాట్లాడరు. అపశకునం మనకు ఎదురయ్యేది, జరిగేది. ‘బయల్దేరగానే అపశకునం’ అంటాం గాని దాన్ని మబ్బుకో గోడకో విశేషణంగా తగిలించం. ఆమినస్ అన్నచోట తెలుగు ఎక్కువగా క్రియను వెతుక్కుంటుంది: ‘మనసు కీడు శంకిస్తోంది’. ఆ వార్తలో ‘ఏదో ముంచుకొచ్చేలా మబ్బులు కమ్ముకున్నాయి’ అని రాస్తే సరిపోయేది. ‘ఆమినస్ సైలెన్స్’ను ‘అశుభ నిశ్శబ్దం’ చేసేవాళ్లూ ఉన్నారు. ‘ఆ నిశ్శబ్దం చూస్తే భయమేసింది’ అంటే పోయేదేముంది?

ఇనాస్పిషస్‌కు అంత టెన్షన్ అక్కర్లేదు. గోడమీది క్యాలెండర్‌లోనే దుర్ముహూర్తం, వర్జ్యం ఉన్నాయి. ఇంట్లో పెద్దవాళ్లు ‘ఇవాళ మంచిది కాదు’ అంటారు. రాతలో అశుభం, అమంగళం చాలు. దుశ్శకునం కూడా వాడవచ్చు, కాకపోతే శకారం కింద శవత్తు మరిచిపోకండి. ‘దుశకునం’ తప్పు.