దూడ పారుడు ఇంట్లో పిల్లలకు అంటుకుంటుందా?

ప్రశ్న: మా ఆవు ఈనిన రెండో రోజే దూడకు నీళ్లలా పారుడు పట్టుకుంది, పరీక్షలో ఇ.కోలి అని తేలింది. దూడ దగ్గర ఎప్పుడూ ఉండేది మా చిన్నపిల్లలే. వాళ్లకూ వస్తుందా?

జవాబు: మీ దూడను పట్టిన రకం గురించి టెన్షన్ పడకండి, అది మనుషుల్ని పట్టదు. ఎందుకో చెప్తాను, ఎందుకంటే అసలు జాగ్రత్త పడాల్సింది ఇంకోచోట ఉంది.

క్రిమి కడుపులోకి వెళ్లినంత మాత్రాన జబ్బు రాదు. పేగు కదులుతూ లోపల ఉన్నదాన్నంతా కిందికి నెట్టేస్తుంటుంది కదా, అందులో కొట్టుకుపోకుండా నిలవాలంటే క్రిమి పేగు గోడను పట్టుకోవాలి. చేలో నడిస్తే ఉత్తరేణి గింజలు బట్టలకు ఎలా పట్టేస్తాయో అలా, దీని ఒంటిమీద ఉండే సన్నని నూగు పట్టేస్తుంది. మీ దూడ వయసులో పారుడు తెచ్చే రకానికి సాధారణంగా ఉండేది ఎఫ్5 అనే నూగు, పాత పేరు కె99. అది పట్టుకునే ఒక రకం చక్కెర అప్పుడే పుట్టిన దూడ పేగులో దండిగా ఉంటుంది, రోజులు గడిచేకొద్దీ తగ్గుతుంది. మనిషి ఒళ్లు ఆ చక్కెరను తయారుచేసుకోనే చేసుకోదు.

నా భయమల్లా ఆరోగ్యంగా తిరిగే పెద్ద ఆవుల పేడ గురించే. ఓ157 అనే ఇ.కోలి వాటి పేగు చివర ఏ జబ్బూ చేయకుండా ఉండిపోతుంది, అదే మన పేగులోకి వస్తే సూది గుచ్చినట్టు తన ప్రోటీన్‌నే మన కణంలోకి ఎక్కిస్తుంది, అది కణం పైకి తేలాక దాన్నే పట్టుకుని అతుక్కుంటుంది. అంటే గోడకు మేకు తనే కొట్టుకుని, దానికే వేలాడుతుందన్నమాట! దాని విషం ఐదేళ్లలోపు పిల్లల కిడ్నీలను దెబ్బతీయగలదు. పిల్లలకు రక్తవిరేచనాలైతే ఇంట్లో ఉన్న మాత్రలు వేయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఇంకో మాట, దూడ పారుళ్లలో సాల్మొనెల్లా, క్రిప్టోస్పోరిడియం వల్ల వచ్చేవి మనుషులకూ అంటుకుంటాయి, కాబట్టి పారుడు తగ్గేదాకా పిల్లల్ని దూరంగానే ఉంచండి. మిగతా రోజుల్లోనూ పాకలోంచి రాగానే సబ్బుతో చేతులు కడిగించండి, పాలు కాచే తాగించండి.

దూడకు పాలు ఆపొద్దు, మధ్యమధ్యలో లవణాల నీళ్లు పట్టండి, లేవలేకపోతే పశువైద్యుడితో సెలైన్ ఎక్కించండి. వచ్చే ఈతకు మాత్రం చూడి ఆవుకు చివరి నెలల్లో పారుడు టీకా వేయించి, దూడ పుట్టిన రెండు గంటల్లోపే ముర్రుపాలు తాగించండి, ఆ పాలలోని యాంటీబాడీలు క్రిమి నూగును కప్పేస్తే దానికిక పేగు మీద పట్టు దొరకదు.